రేకు మిగిలి బాణీ పోకుండా: ఎలక్ట్రానిక్సు చరిత్రకు విశ్వవిద్యాలయ భాండాగారాలు

నార్త్ కెరొలైనా రాష్ట్రంలోని క్యారీ పట్టణంలో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయం 2009లో వెలిసింది. 2022లో దానికి 87 అడుగుల రాజగోపురం అమరింది. అటువంటి ఆలయాలలో అన్నమాచార్య సంకీర్తన పాడే పిల్లలకు ఆ పాట తమ దాకా ఎలా వచ్చిందో తెలియకపోవచ్చు. అది తెలుసుకోదగిన కథ. ఎలక్ట్రానిక్సు రంగంలో పనిచేసే వారి తల్లిదండ్రులకు అందులో ఒక హెచ్చరిక కూడా ఉన్నది.

తాళ్ళపాక అన్నమాచార్యుల (1408-1503) సంకీర్తనలను ఆయన కుమారుడు పెద తిరుమలాచార్యులు పదహారవ శతాబ్దిలో రాగిరేకులపై చెక్కించగా, అవి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారమనే రాతి అరకు చేరాయి. కాలక్రమంలో లోకం ఆ అరను మరచిపోయింది. ఇరవయ్యవ శతాబ్దిలో రేకులు మళ్ళీ వెలుగు చూశాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి పండితుల కృషితో అచ్చుకెక్కాయి. నాలుగు శతాబ్దాలు గడిచినా రాగి మీది అక్షరం చెరగలేదు. అయితే రేకు మీద రాగం పేరు ఉన్నది గాని స్వరం లేదు. అన్నమయ్య ఏ బాణీలో పాడినదీ రేకు చెప్పదు. నేడు మనం వినే బాణీలలో అత్యధికం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలుకొని ఇరవయ్యవ శతాబ్ది విద్వాంసులు కూర్చినవే. రేకు మిగిలింది; బాణీ పోయింది.

ఎలక్ట్రానిక్సు చరిత్రకు నేడు ఎదురవుతున్న ఆపద సరిగా ఇటువంటిదే. పాత యంత్రం ఏ అటక మీదనో మిగలవచ్చు. దానిని ఎందుకు అలా నిర్మించారు, ఏ ప్రయత్నాలు విఫలమైన తరువాత అది పనిచేసింది, దానిని నడిపించే క్రమం ఏమిటి అన్న సంగతులు మాత్రం దాన్ని చేసినవారితోపాటే పోతున్నాయి. వాటిని నిలబెట్టే పనిని కొన్ని విశ్వవిద్యాలయ భాండాగారాలు చేపట్టాయి.

త్రికోణ ప్రాంతపు వారసత్వం

రాలీ, డరమ్, చాపెల్ హిల్ పట్టణాలలోని మూడు విశ్వవిద్యాలయాల నడుమ 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు ఏర్పడింది. 1965లో ఐ.బి.ఎం. సంస్థ అక్కడికి రావాలని నిర్ణయించుకోవడంతో ఆ ప్రాంతపు దశ తిరిగింది. నేడు ప్రతి కిరాణా సరుకు మీద కనిపించే గీతల గుర్తును, అంటే యు.పి.సి. బార్‌కోడును, ఐ.బి.ఎం.కు చెందిన జార్జ్ లారర్ 1970ల ఆరంభంలో ఇక్కడ పనిచేస్తూనే రూపొందించాడు. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లాన్ని యంత్రం తొలిసారిగా ఆ గుర్తు ద్వారా చదివింది.

రాలీలోని నార్త్ కెరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ పరిశోధనల గణాంకాలను విశ్లేషించడానికి 1960లలో మొదలైన కార్యక్రమమే శాస్ సాఫ్ట్‌వేరు. అది 1976లో స్వతంత్ర సంస్థగా మారి, 1980లో క్యారీకి తరలివచ్చింది. అదే విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1987లో క్రీ అనే సంస్థను స్థాపించి, సిలికాన్ కార్బైడుతో నీలికాంతి డయోడులను 1989లో విపణికి తెచ్చారు. ఐ.జి.బి.టి. అనే శక్తి ట్రాన్సిస్టరును జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రూపుదిద్దిన జయంత్ బాలిగా 1988లో ఈ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరాడు. మద్రాసు ఐ.ఐ.టి.లో చదువుకున్న ఆయనకు 2024లో ఫిన్లాండు వారి మిలీనియం టెక్నాలజీ బహుమతి లభించింది. విద్యుత్ కార్లు, రైళ్ళు, ఏర్ కండిషనర్లు నేడు తక్కువ విద్యుత్తుతో నడవడానికి ఆ ట్రాన్సిస్టరు ఒక ముఖ్య కారణం.

ఈ చరిత్రకు అంతకంటె పాత మూలం కూడా ఉన్నది. 1901-02 సంవత్సరాలలో రెజినాల్డ్ ఫెసెండెన్ ఈ రాష్ట్రపు తీరంలోని రోనోక్ ద్వీపంలో వైర్‌లెస్ ప్రయోగాలు జరిపాడు. ఆయన పత్రాలు రాలీలోని రాష్ట్ర పత్రాగారంలో భద్రంగా ఉన్నందువల్లనే చరిత్రకారులు రేడియో పుట్టుకను ఇంత వివరంగా వ్రాయగలిగారు.

సంస్థలు మాత్రం శాశ్వతం కావు. ఇక్కడ ఎందరికో ఉపాధి కల్పించిన నార్టెల్ సంస్థ 2009 జనవరిలో దివాలా రక్షణ కోరి, ముక్కలుగా అమ్ముడుపోయింది. క్రీ సంస్థ 2021లో వుల్ఫ్‌స్పీడ్ అయింది. 2025లో అదీ దివాలా రక్షణ ద్వారా అప్పులను పునర్వ్యవస్థీకరించుకోవలసి వచ్చింది. పేరు మారినప్పుడు, భవనం ఖాళీ అయినప్పుడు, మొదట చెత్తబుట్టకు పోయేవి పాత ఫైళ్ళే.

భాండాగారం అంటే ఏమిటి?

గ్రంథాలయం, మ్యూజియం, ఆర్కైవు అనే మూడింటికీ భేదం ఉన్నది. గ్రంథాలయంలో ఉండేవి అచ్చయిన పుస్తకాలు. ఒక ప్రతి పోతే మరొకటి దొరుకుతుంది. మ్యూజియంలో ఉండేవి చూడదగిన వస్తువులు. ఆర్కైవులో, అంటే పత్రభాండాగారంలో, ఉండేవి ఒక మనిషి గాని ఒక సంస్థ గాని పని చేస్తున్న క్రమంలో సహజంగా పోగుపడిన కాగితాలు: ఉత్తరాలు, ప్రయోగశాల నోటు పుస్తకాలు, సర్క్యూటు చిత్రాలు, సమావేశాల టిప్పణులు, తిరస్కరింపబడిన ప్రతిపాదనలు. వీటికి రెండవ ప్రతి ఉండదు.

అందుచేత భాండాగారికులు రెండు నియమాలు పాటిస్తారు. మొదటిది, ఒకరి పత్రాలను మరొకరి పత్రాలతో కలపకూడదు. రెండవది, వాటి యజమాని వాటిని ఏ వరుసలో ఉంచుకున్నాడో సాధ్యమైనంతవరకు ఆ వరుసలోనే ఉంచాలి. ఒక ఇంజనీరు విఫలమైన పరీక్షల కాగితాలను విజయవంతమైన నమూనా ఫైలులోనే పెట్టుకున్నాడంటే, ఆ పొరుగుదనమే ఒక సాక్ష్యం. వేరుచేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

పత్రాలు రాగానే వాటిని ఆమ్లం లేని అట్టలలోకి, పెట్టెలలోకి మారుస్తారు. తుప్పుపట్టే క్లిప్పులను తీసివేస్తారు. ఏ పెట్టెలో ఏమున్నదో తెలిపే సూచిక తయారుచేస్తారు. ఆ సూచిక లేని సేకరణ అర ఎక్కడున్నదో తెలియని భాండాగారం వంటిది.

ఒక యంత్రం, ఒక తీర్పు

ఇటువంటి కాగితాల విలువ ఏపాటిదో తెలియాలంటే అయోవా స్టేట్ కళాశాల ఉదంతాన్ని చూడాలి. అక్కడ భౌతికశాస్త్రాచార్యుడైన జాన్ విన్సెంట్ అటనసాఫ్, తన విద్యార్థి క్లిఫర్డ్ బెర్రీతో కలిసి 1939-42 మధ్య శూన్యనాళికలతో లెక్కలు చేసే ఒక ఎలక్ట్రానిక్ యంత్రాన్ని నిర్మించాడు. యుద్ధం వచ్చి ఆయన వేరే పనికి వెళ్ళిపోయాడు. కళాశాల పేటెంటుకు దరఖాస్తు చేయలేదు. 1948లో చోటు కావలసి యంత్రాన్ని విప్పేశారు. కొన్ని భాగాలే మిగిలాయి.

ఈలోగా ఎనియాక్ అనే మరొక యంత్రం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. దాని పేటెంటు ఆధారంగా స్పెరీ రాండ్ సంస్థ ఇతర కంప్యూటరు తయారీదారులనుండి రాయల్టీ కోరగా, హనీవెల్ సంస్థతో వివాదం న్యాయస్థానానికెక్కింది. ఎనియాక్ నిర్మాతలలో ఒకడైన జాన్ మాక్లీ 1941 జూన్‌లో అటనసాఫ్ వద్దకు వెళ్ళి ఆ యంత్రాన్ని చూశాడని నిరూపించడానికి అప్పటి ఉత్తరాలు, 1940లో అటనసాఫ్ వ్రాసిన యంత్రవివరణ ప్రతి సాక్ష్యాలయ్యాయి. 1973 అక్టోబరు 19న న్యాయమూర్తి ఎర్ల్ లార్సన్ ఎనియాక్ పేటెంటు చెల్లదని తీర్పు చెప్పాడు. కంప్యూటరు నిర్మాణం ఏ ఒక్క సంస్థ గుత్తసొత్తూ కాకుండా పోయింది.

యంత్రం లేదు, కాగితాలు ఉన్నాయి. ఆ కాగితాలు అంతటి తీర్పును నిలబెట్టడమే కాక, 1990లలో ఆ యంత్రాన్ని తిరిగి నిర్మించడానికి కూడా పనికివచ్చాయి. 1997లో ఆ నమూనా పూర్తయింది. అటనసాఫ్ పత్రాలు నేడు అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. వ్యాజ్యపు దస్తావేజులు మినెసోటా విశ్వవిద్యాలయంలోని చార్లెస్ బాబేజ్ సంస్థలో ఉన్నాయి.

నోటు పుస్తకాల సంగతీ అంతే. ఇంటిగ్రేటెడ్ సర్క్యూటు ఆలోచనను జాక్ కిల్బీ 1958 జూలై 24న, రాబర్ట్ నాయిస్ 1959 జనవరి 23న తమ నోటు పుస్తకాలలో వ్రాసుకున్నారు. ఆ తేదీలు నేటికీ చరిత్రకు గీటురాళ్ళు. 2013 మార్చి వరకు అమెరికా పేటెంటు చట్టం మొదట కనిపెట్టినవారికే హక్కు ఇచ్చేది. అందువల్ల ఇంజనీర్లు ప్రతి పుటకు తేదీ వేసి సాక్షి సంతకం తీసుకునేవారు. ఇప్పుడు మొదట దరఖాస్తు చేసినవారిదే హక్కు. నోటు పుస్తకాన్ని అంత శ్రద్ధగా ఉంచుకోవడానికి ఉన్న చట్టపరమైన ఒత్తిడి తగ్గిపోయింది. పైగా వ్రాత కాగితం మీదనుండి కంప్యూటరులోకి మారింది. కష్టం ఇక్కడే మొదలవుతుంది.

మూడు విధాల క్షయం

ఎలక్ట్రానిక్సు జ్ఞాపకం మూడు విధాలుగా నశిస్తుంది.

మొదటిది పదార్థం చెడిపోవడం. అయస్కాంత టేపులో ఇనుప ఆక్సైడు రేణువులను ప్లాస్టిక్ పట్టీకి అతికించే జిగురు కొన్నేళ్ళకు గాలిలోని తేమను పీల్చుకుని జిడ్డుగా మారుతుంది. అటువంటి టేపును యంత్రంలో పెడితే పూత ఊడి వస్తుంది. నిపుణులు దానిని సుమారు 54 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కొన్ని గంటలు ఉంచి, తేమ తగ్గిన కొద్దికాలంలోనే చదివి ప్రతి తీసుకుంటారు. పాత మెమరీ చిప్పులలో సమాచారం సూక్ష్మమైన విద్యుదావేశంగా ఉంటుంది. దశాబ్దాల కాలంలో అది కారిపోతుంది. సర్క్యూటు పలకల మీది బ్యాటరీలు క్షారాన్ని కక్కి రాగి తీగలను తినివేస్తాయి. రాగిరేకును చెక్కినవాడికి ఈ బాధలు లేవు.

రెండవది చదివే యంత్రం లేకపోవడం. 1966-67లో చంద్రుని చుట్టూ తిరిగిన అయిదు లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చిత్రాలను టేపులపై భద్రపరిచారు. కాలక్రమంలో ఆ టేపులను చదవగల ఆంపెక్స్ యంత్రాలు కనుమరుగయ్యాయి. నాన్సీ ఎవాన్స్ అనే నాసా ఉద్యోగిని టేపులను పారవేయనివ్వలేదు. పనికిరావని వదిలివేసిన కొన్ని యంత్రాలను తెచ్చి ఏళ్ళ తరబడి తన గ్యారేజీలో దాచింది. వాటిని బాగుచేసి, 2008లో చంద్రుని అంచుపై భూమి కనిపించే ప్రసిద్ధ చిత్రాన్ని మునుపటికంటె ఎంతో స్పష్టంగా వెలికి తీయగలిగారు. ఒక వ్యక్తి పట్టుదల, ఒక ఇంటి గ్యారేజీ ఆ చరిత్రను కాపాడాయి.

మూడవది సంకేతం మరుపున పడడం. దీనికి ప్రవాసాంధ్ర సంఘాల సావనీర్లకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు. యూనికోడు ప్రమాణంలో తెలుగు లిపికి 1991లోనే స్థానం ఏర్పడినా, అది వాడుకలోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకు ఒక్కొక్క ఫాంటు తయారీదారుడు తెలుగు అక్షరాలకు తనకు తోచిన సంఖ్యలు కేటాయించాడు. ఆనాడు కూర్చిన సంచిక ఫైలును నేడు తెరిస్తే, ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని గుర్తుల వరుస కనిపిస్తుంది. ఫైలు చెడలేదు, ఏ గుర్తు ఏ అక్షరమో చెప్పే పట్టిక పోయింది. అచ్చు ప్రతి మాత్రం హాయిగా చదువుకోవచ్చు. రేకు మిగిలి బాణీ పోవడమంటే ఇదే.

భాండాగారాలు ఈ మూడింటినీ ఎదుర్కొనే పద్ధతులు ఏర్పరచుకున్నాయి. పాత డిస్కులోని ప్రతి బిట్టునూ ఉన్నదున్నట్లు నకలు తీస్తారు. ఆ నకలుకు గణితపద్ధతిలో ఒక తనిఖీ సంఖ్య కట్టి, ఏటేటా తిరిగి లెక్కిస్తారు. సంఖ్య మారితే ఎక్కడో బిట్టు చెడిందని అర్థం. ప్రతులను వేర్వేరు ఊళ్ళలో ఉంచుతారు. పాత ఫైళ్ళను కొత్త రూపాలలోకి మారుస్తారు. లేదా పాత యంత్రాన్ని అనుకరించే కార్యక్రమాన్ని నేటి కంప్యూటరులో నడిపి, పాత సాఫ్ట్‌వేరును దానిలో చూపిస్తారు. ఏ పద్ధతి అవలంబించినా ఆ యంత్రపు కరదీపికలు, దానిని వాడినవారి టిప్పణులు లేకపోతే అడుగు ముందుకు పడదు.

ఎవరి చరిత్ర నిలుస్తున్నది?

1978లో మొదలైన చార్లెస్ బాబేజ్ సంస్థ 1980 నుండి మినెసోటా విశ్వవిద్యాలయంలో ఉంటూ కంప్యూటరు రంగపు పత్రాలను, మౌఖిక చరిత్రలను సేకరిస్తున్నది. ఆపిల్ సంస్థ తన పాత పత్రాలను 1997లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. క్యారీకి కూతవేటు దూరంలో, నార్త్ కెరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం కంప్యూటరు సిమ్యులేషన్ రంగపు ఆద్యుల పత్రాలకు ప్రత్యేక భాండాగారం నిర్వహిస్తున్నది.

ఇందులో తెలుగువారి జాడ లేకపోలేదు. చిత్తూరు జిల్లాలో పుట్టి, కంప్యూటరుకు మాటలు వినడం నేర్పిన రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ బహుమతి వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే, 1991లో, బాబేజ్ సంస్థ ఆయన జ్ఞాపకాలను రికార్డు చేసి వ్రాతప్రతి సిద్ధం చేసింది. బహుమతి వచ్చినవారి మాటలను భద్రపరచడానికి ఎవరో ఒకరు ముందుకు వస్తారు. రానివారి సంగతి ఆలోచించవలసి ఉన్నది.

పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. వెలిసింది. అణుశక్తి కేంద్రాలకు నియంత్రణ పరికరాలనూ, టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లనూ, టెలివిజన్లనూ అది స్వదేశంలోనే తయారుచేసింది. ఏ.ఎస్. రావు నగర్ అనే పేటకు ఆయన పేరే ఉన్నది. ఆయన 2003లో మరణించారు. ఆయన క్రింద పనిచేసిన ఇంజనీర్లలో అమెరికాకు వలసవచ్చినవారూ ఉండవచ్చు. వారి పిల్లలు ఇక్కడ స్థిరపడి ఉండవచ్చు. విడిభాగాలు దొరకని కాలంలో వారు ఆ పనిని ఎలా సాధించారన్నది ఏ వార్షిక నివేదికలోనూ పూర్తిగా దొరకదు.

2000 సంవత్సరపు సమస్య కథ ఇంకా విచిత్రం. తేదీలో సంవత్సరానికి రెండంకెలే వాడిన పాత కోబాల్ కార్యక్రమాలను సరిదిద్దడానికి 1990ల చివరలో ఎందరో తెలుగు యువకులు, యువతులు ఈ దేశానికి వచ్చారు. క్యారీ వంటి పట్టణాలలోని తెలుగు సమాజానికి ఆ వలస ఒక పునాది. 2000 జనవరి 1న పెద్ద ప్రమాదమేదీ జరగలేదు. జరగని ప్రమాదానికి శిలాశాసనం ఉండదు గనుక, అసలు సమస్యే లేదేమోనని తరువాతి తరం అనుకునే స్థితి వచ్చింది. ఆ పని చేసినవారి జాబితాలు, పరీక్షల కాగితాలు, రాత్రిళ్ళ కాపలా జ్ఞాపకాలు తప్ప దానికి వేరే సాక్ష్యం లేదు.

ఇంటి గ్యారేజీలో చరిత్ర

1960లలో, 70లలో వచ్చిన తెలుగు ఇంజనీర్లు ఇప్పుడు వయోవృద్ధులు. పెద్ద ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారేటప్పుడు, లేదా పెద్దలు గతించిన తరువాత, గ్యారేజీలోని పెట్టెలు ఒక్క పూటలో చెత్తబండి ఎక్కుతాయి. ఆ పూటకు ముందే కుటుంబాలు చేయగల పనులు కొన్ని ఉన్నాయి.

పెట్టెలోని వరుసను మార్చకూడదు. శుభ్రం చేసే ఉద్దేశంతో ముఖ్యం కానివని తోచిన కాగితాలు పారవేయకూడదు. ఫోటోల వెనుక మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయాలి. గ్యారేజీ వేడి, తేమ టేపులకూ డిస్కులకూ శత్రువులు. వాటిని ఇంటి లోపలి గదిలోకి మార్చాలి. పాత డిస్కును తెరచి చూడాలనే ఆత్రంతో దొరికిన యంత్రంలో పెట్టడంకంటె నిపుణుని చేతికివ్వడం మేలు. ఉద్యోగమిచ్చిన సంస్థకు చెందిన రహస్య పత్రాలు ఉద్యోగి సొత్తు కావు. వాటిని ఇవ్వదలిస్తే ఆ సంస్థ అనుమతి కావాలి. తన సొంత ఉత్తరాలు, దినచర్యలు, వృత్తిసంఘాల కాగితాలు ఇవ్వడానికి ఆ అడ్డంకి ఉండదు.

భాండాగారాలు అన్నింటినీ స్వీకరించవు. చోటు, సిబ్బంది, తమ సేకరణ పరిధి చూసుకుని ఎంచుకుంటాయి. అందుచేత పెట్టెలు పంపడానికి ముందు ఒక చిన్న జాబితా వ్రాసి పంపడం మర్యాద. స్వీకరించినప్పుడు దానపత్రం వ్రాసుకుంటారు. కొన్ని ఉత్తరాలను ఇన్నేళ్ళవరకు ఎవరికీ చూపరాదన్న షరతును అందులో చేర్చుకోవచ్చు.

అన్నింటికంటె సులభమైనది, అన్నింటికంటె తరచు వాయిదా పడేది, పెద్దల మాటలు రికార్డు చేయడం. చాపెల్ హిల్‌లోని నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయం 1973లోనే దక్షిణ రాష్ట్రాల మౌఖిక చరిత్ర కార్యక్రమాన్ని ప్రారంభించి, సామాన్యుల జ్ఞాపకాలకూ భాండాగారంలో చోటున్నదని నిరూపించింది. తాతగారిని మనవరాలు అడగవలసిన ప్రశ్నలు కఠినమైనవి కావు. మొదటి రోజు మీ బల్ల మీద ఏ పరికరాలున్నాయి? ఏ పని చెడిపోయింది? ఎందుకు చెడిపోయింది? ఎవరు సహాయం చేశారు? పుస్తకంలో లేనిది ఏమి నేర్చుకున్నారు? ఆయన తెలుగులో చెబితే తెలుగులోనే ఉంచాలి. అనువాదం తరువాతైనా చేసుకోవచ్చు.

తిరుమల రాతి అరలో రేకులు నాలుగు వందల ఏళ్ళు నిరీక్షించగలిగాయి. ఫ్లాపీ డిస్కు నలభై ఏళ్ళు నిరీక్షించడమే గగనం. మనిషి జ్ఞాపకానికి అంత వ్యవధి కూడా ఉండదు. పెద తిరుమలాచార్యులు తండ్రి మాటను రాగిపై నిలిపి తన ఋణం తీర్చుకున్నారు. బాణీ చెప్పగలవారు ఇంకా మన ఇళ్ళలో ఉండగానే ఆ బాణీని కూడా నిలిపే అవకాశం ఈ తరానికి ఉన్నది.